పూజగది మీది తారు షీటు

మీరు పోయి ఏడాది దాటినా కలం పట్టలేదు. మొన్న మన ఇంటి పెంకులు సర్దడానికి వచ్చిన సాంబయ్య మాట విన్నాక పట్టక తప్పలేదు.

శ్రావణంలో వాన పడ్డప్పుడల్లా పూజగదిలో లింగం మీద చుక్కచుక్కగా నీళ్లు పడేవి. స్వామి తానే అభిషేకం చేయించుకుంటున్నాడని నమ్మాను. ఆ మాట ఖిలా వరంగల్ దాకా పాకింది. వాడకట్టు ఆడవాళ్లు తీర్థానికి వచ్చేవారు. మీరూ నా పక్కన నిలబడి చేయి చాపేవారు.

సాంబయ్య అటక ఎక్కి, పెంకుల కింది తారు షీటు చినిగిందన్నాడు. ఈ వానలకేనా అని అడిగాను.

"ఎక్కడి ఈ వానలక్కా, ఎన్నడో చినిగింది. మారుస్తనంటే బావనే వద్దన్నడు. 'మీ అక్క సంబురపడుతాంది, జర ఉండనియ్యిరా' అని నవ్విండు."

షీటు మార్పించాను. ఇవాళ వాన పడింది, లింగం పొడిగానే ఉంది. ఇల్లు కురిసినందుకు నాకు బాధ లేదు. తీర్థం కళ్లకద్దుకునే మీ ముఖం చూసి, మనిద్దరిదీ ఒకే నమ్మకమని ఇన్నేళ్లూ మురిసిపోయాను. అప్పుడు కూడా లోపల నవ్వుకున్నారా?

ఈ కాగితాలు మీ దగ్గరే దాచుకోండి. మీరున్నచోట స్వామి ఉంటే ఆయనకు మాత్రం చూపించకండి. మీరూ నాతోపాటు నమ్మారనే ఆయన్ను అనుకోనివ్వండి.