గుళ్లో మురుగు మాట

సెప్టెంబర్ 20, 2011
తెలంగాణ కోసం సమ్మె. బస్సుల్లేవు. కొండాపూర్ నుంచి చెరువు గట్టు బస్తీకి నడిచే వెళ్లాను. యాదమ్మ కూతురికి మళ్లీ కామెర్లు. గుడి, మసీదు, చర్చి కలిసి నడిపే మా సేవాసమితి శిబిరంలో మందులిచ్చి పంపిన పిల్లే. యాదమ్మ నిష్ఠూరమాడలేదు. "మందులు మీరే ఇస్తున్నరు, మళ్ల గా నీళ్లే తాగుతున్నం. ఇగ ఎట్ల తగ్గుతది మేడమ్?"

సెప్టెంబర్ 22
మసీదు తరఫున సమితిలో ఉన్న కరీం సాబ్‌తో గట్టంతా తిరిగాను. అపార్ట్‌మెంట్ల నుంచి లావుపాటి గొట్టం, నురగ కక్కుతూ చెరువులోకి. పక్కనే బస్తీ బోరు. మురుగు శుద్ధి చేసే యంత్రం ఉందట — కరెంటు ఖర్చని ఆపేశారట. అపార్ట్‌మెంట్లలో ఊడ్చే పని యాదమ్మది, యంత్రం సంగతి తనే చెప్పింది. బస్తీకి నల్లా అడిగితే పట్టాల్లేవంటారు. అపార్ట్‌మెంట్లకు మాత్రం...

సెప్టెంబర్ 25
సమావేశం. గుడి, చర్చి, మసీదు — అందరూ వచ్చారు. ట్యాంకర్లతో, మందులతో సరిపెట్టొద్దు, గొట్టం మూయిద్దాం, నల్లా కోసం పోరాడదాం అన్నాను. రావు గారి మొహం మాడింది. గుడి కమిటీ పెద్ద, అపార్ట్‌మెంట్ సంఘానికీ ఆయనే అధ్యక్షుడు. శిబిరం నడిచేది ఆయన విరాళంతోనే.
"ఇప్పుడెందుకమ్మా సుజాతా? ఈ ఉద్యమం వేడిలో ఆంధ్రావాళ్ల మురుగంటూ జెండాలు పట్టుకొస్తారు. నువ్వూ మన గుంటూరు అమ్మాయివే కదా."
కరీం సాబ్: "పిల్ల దవాఖానల ఉంది సాబ్. జర గది మాట్లాడుదాం."
చివరికి మూడు చోట్లా ప్రార్థనప్పుడు అందరికీ చెప్పాలని తేలింది. రావు గారు ఔననలేదు, కాదనలేదు.

అక్టోబర్ 2
మసీదులో చెప్పారు. చర్చిలో చెప్పారు. గుళ్లో భజన, హారతి, ప్రసాదం. అంతే.

అక్టోబర్ 4
"మసీదువాళ్లూ చర్చివాళ్లూ ఒక్కటై మన మీద పడ్డారు." అపార్ట్‌మెంట్లలో ఇదే మాట. భయంగా ఉంది. నీళ్ల సంగతి ఎటు పోతోంది...

అక్టోబర్ 8
భజన అయ్యాక నేనే లేచాను. చెప్పాను — గొట్టం, ఆపేసిన యంత్రం, బోరు, పిల్ల. కొందరు లేచి వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం, "యంత్రం నడుస్తోందనే మాకు చెప్పారండీ" అంది. రావు గారు అందరితోపాటు నాకూ ప్రసాదం పెట్టారు. నా వైపు చూడలేదు.

అక్టోబర్ 10
యాదమ్మను పనిలోకి రావద్దన్నారు. నేను తన పేరు ఎత్తనే లేదు. ఎత్తకపోతే మాత్రం తెలియదా?

అక్టోబర్ 11
యాదమ్మకు బియ్యం పట్టుకెళ్లాను. తీసుకోలేదు. "బియ్యం వద్దక్కా. రేపు పొద్దుగాల బస్తీ ఆడోళ్లం అపార్ట్‌మెంట్ల గేటు కాడ కూసుంటున్నం. వస్తవా?" ఉద్యమం జెండాలిస్తామని ఎవరో వచ్చారట. "వద్దన్న. ఇది మా పోరగాండ్ల పంచాయితి."
వస్తానన్నాను.

ఇంటికొచ్చేసరికి రావు గారి ఫోన్. "రేపే యంత్రం నడిపిస్తాను. నువ్వు మాత్రం గేటు దగ్గరికి రాకమ్మా. వస్తే శిబిరం సంగతి నేను చెప్పలేను."
"మరి యాదమ్మ పని?"
"అది తర్వాత చూద్దాం."

యాదమ్మ కూతురికే కాదు, బస్తీలో ఇంకెందరికో మందులు ఆ శిబిరం నుంచే. వెళ్తే అవి ఆగుతాయి. వెళ్లకపోతే యంత్రం తిరుగుతుంది — కొన్నాళ్లు. ఆ తర్వాత మళ్లీ ఆపేస్తే మాకు చెప్పేదెవరు? చెప్పిన మనిషిని తీసేశారు కదా.

కరీం సాబ్ వస్తానన్నారు. చర్చి పాస్టర్ గారు ఆలోచిద్దామన్నారు. రావు గారికి నేనింకా జవాబు చెప్పలేదు.