అంటుకుపోయిన రెండు పేజీలు

పూజ్యురాలైన అక్కగారి పాదపద్మములకు నమస్కరించి తమ్ముడు వ్రాసుకొను విన్నపము.

నేను క్షేమం. బుర్ర మాత్రం బాగాలేదు. నిన్న ఒక సినిమా చూశాను. హాల్లో మొత్తం ఐదుగురం. అందులో ఒకాయన టార్చి వేసి సీట్లు చూపించేవాడు. కథేమిటంటే, పోస్టాఫీసు ఉద్యోగులు నాటకం వేస్తారు. సెట్టులో తలుపు బిగుసుకుపోతే రాజుగారు కిటికీలోంచి దూకి సింహాసనం ఎక్కుతారు. నా పొట్ట చెక్కలయ్యింది. ఇంత మంచి సినిమాని జనం ఎలా వదిలేశారో అర్థం కాలేదు. శుక్రవారం తీసేస్తారట, ఈలోగా నువ్వు చూడాలి.

ఇక్కడిదాకా సిఫారసు. ఇక్కణ్ణుంచి ఏమిటో నాకే తెలియడం లేదు. అందులో తెర వెనక డైలాగులు అందించేవాడు కునుకు తీస్తాడు. మిగతా నలుగురూ విరగబడి నవ్వారు. నాకేమో కళ్ళంట నీళ్ళు. నవ్వి నవ్వి వచ్చాయో, ఏడుపో తేల్చుకోలేక ఇంటర్వెల్లో రెండుసార్లు మొహం కడుక్కున్నాను.

అక్కా, మూడేళ్ళ కిందట మీ ఆఫీసు నాటకంలో తెర వెనక పుస్తకం పట్టుకున్నది నేను. నువ్వు రెండు పేజీలు ముందుకెళ్ళిపోయి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న భర్త మీద పడి, పోయాడని భోరుమన్నావు. జనం పడీపడీ నవ్వారు. నాటకం నేర్పిన మేస్టారు అందరి ముందూ నిన్ను మతిమరుపు మనిషివన్నారు. నువ్వు మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. మర్చిపోయింది నువ్వు కాదు. నా టీ ఒలికి రెండు పేజీలు అంటుకుపోయాయి. తప్పు మాట అందించింది నేను. చెప్పే ధైర్యం లేకే, మీ ఇంటికి వచ్చినప్పుడల్లా గిన్నెలు తోముతున్నాను.

సినిమా చూడమంటున్నానో, క్షమించమంటున్నానో తెలియడం లేదు. వీలైతే రెండూ చెయ్యి.

ఇట్లు,
నీ గిన్నెల తమ్ముడు

*

ఒరేయ్ తెలివైనవాడా,

సినిమా చూశాను. మీ బావ మొదటి అరగంటకే నిద్రపోయారు కాబట్టి హాయిగా నవ్వుకున్నాను.

ఆ నాటకం మొత్తం నాకు నోటికి వచ్చురా. నువ్వు అందించింది తప్పని అప్పుడే తెలుసు. కానీ మేస్టారి శాసనం గుర్తుందిగా? తెర వెనకనుంచి ఏ మాట వస్తే అదే అనాలి. అన్నాను. జనం నవ్వారు. ఆ నవ్వు చెవిన పడ్డాక ఇంక ఏడుపు పాత్ర వెయ్యబుద్ధి కాలేదు. నవ్వించే పాత్ర ఇమ్మంటే, ఆడవాళ్ళకి అవి నప్పవన్నారు మేస్టారు. అందుకే మానేశాను. ముందే చెప్పలేదేం అంటావా? అంత శుభ్రంగా గిన్నెలు తోమేవాణ్ణి ఎవరైనా వదులుకుంటారా?

ఇవాళ ఆఫీసులో నలుగురు ఆడవాళ్ళని కూడగట్టాను. మేస్టారు లేకుండా హాస్యనాటకమే వేస్తాం. పుస్తకం నువ్వే పట్టుకోవాలి. టీ కూడా తెచ్చుకో. ఏ పేజీల మీద ఒలకబొయ్యాలో నేను చెప్తాను.

భర్త బతికుండగానే ఏడ్చిన
మీ అక్క