వైరు మీద ముడి

అరవై తొమ్మిదేళ్ల వయసు గల నేను, ఈ వీధిలో అందరూ ‘చిన్న రేడియో’ అని పిలిచే పాత రేడియోల, పాత కంప్యూటర్ల మరమ్మతుదారుని, మతి స్థిమితంగా ఉండగానే, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఏమనగా:

అక్షరాలు వంకరపోతున్నాయి గాని బుర్ర వంకరపోలేదు. గుండె సంగతి డాక్టరు చెప్పవలసినంతా చెప్పాడు. టైపు చేయిద్దామని ప్లీడరుగారు అన్నారు, నేను వద్దన్నాను. ఇందులో ఒక సంగతి నా చేతిరాతలోనే ఉండి తీరాలి. దాని దాకా రావడానికి ధైర్యం చాలక ముందు సామాన్లు రాస్తున్నాను.

1. కొట్టు. సందు చివర మెట్ల కింద ఉన్న పదడుగుల గది, అందులోని అలమరాలు, మీటర్లు, పనిముట్లు, నలభై రెండు రేడియోలు, ఐదు కంప్యూటర్లు, ఇంకా నేను విప్పి చూడని పెట్టెలు సర్వహక్కులతో నా అన్న కూతురికి చెందవలసినది. కాగితాల మీద ఇది నా స్వార్జితం. నిజానికి సగం మా అన్నయ్యది. మూతపడిన సినిమా హాళ్లు, పాడుబడ్డ గోదాములు, వేలంపాటలు ఇద్దరం కలిసే తిరిగాం. వీధిలో ఆయన్ని ‘పెద్ద రేడియో’ అనేవారు. సోల్డరింగు పనిముట్టు పిడి మీద ఆయన బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. అమ్మాయి వేలు అందులో సరిగ్గా కూర్చుంటుంది, నాది ఎప్పుడూ కూర్చోలేదు. దాన్ని ఎవరికీ అరువివ్వొద్దు.

ఒక హెచ్చరిక. ఈ రేడియోల్లో పందొమ్మిది ప్రాణాంతకమైనవి. వాటి అడుగున ఎర్ర రంగుతో అడ్డగీత గీశాను. అమ్మాయీ, ఆ గీతను నమ్ము. వైరు మీది ముడిని నమ్మకు.

2. నేనుంటున్న ఇల్లు, బ్యాంకులో ఉన్నది నా కొడుక్కి. వాడు మంచివాడే. ఏ వస్తువు చూపించినా ‘ఇది ఎన్ని కిలోలుంటుంది నాన్నా’ అని అడుగుతాడు, అంతకుమించి దుర్గుణం లేదు. అందుకే కొట్టు తాళం వాడి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే వారం తిరిగేలోపు గది ఊడ్చినట్టవుతుంది.

3. అలమరా వెనక గుడ్డ కప్పి ఉన్న పెద్ద కంప్యూటరు కూడా అమ్మాయిదే. మూసేసిన ఒక ఆఫీసు నేలమాళిగలో మోకాటి లోతు నీళ్లలో దొరికింది. నలభై ఒక్క మెట్లు ఇద్దరం మోసుకొచ్చాం. మెట్టు మెట్టుకీ అన్నయ్య దాన్ని తిట్టాడు, పైకి రాగానే తన చొక్కా విప్పి దాని తడి తుడిచాడు. దాని జ్ఞాపకశక్తి అంతా ఒక పలకలో ఉంది: ఆవగింజంత ఇనప రింగులు, వాటి గుండా వెంట్రుకల్లాంటి రాగి తీగలు, ఎవరో చేత్తో గుచ్చినవి. కరెంటు తీసేసినా అందులో రాసింది చెరిగిపోదు. ఈ మధ్య దాని వైపు చూడాలంటే నాకు భయంగా ఉంటోంది.

దాని పక్కనున్న పిక్చర్ ట్యూబు జోలికి మాత్రం వెళ్లొద్దు. ప్లగ్గు పీకి రోజులు గడిచినా అందులో దెబ్బ కొట్టేంత కరెంటు కాచుకుని ఉంటుంది.

4. పాత ఇనప సామాను కొట్టు ఆసామి ‘తూకం మామ’కి, అటక మీది పెద్ద చెక్క రేడియో. పాతికేళ్ల కిందట అందులో గాజు వాల్వులన్నీ పీక్కుని డొల్ల నాకు అంటగట్టాడు. ఆ డొల్లే ఆయనకి తిరిగి ఇస్తున్నాను, డొల్లగా వచ్చింది డొల్లగానే పోతుంది. మేడ మీద దర్జీ ఆవిడకి బ్యాటరీతో పాడే చిన్న ఆకుపచ్చ రేడియో. మా రేడియోల ఈలలూ గురగురలూ ముప్ఫై ఏళ్లు భరించి ఒక్కసారి కూడా నేల మీద కర్రతో కొట్టలేదు. దానివల్ల ఏ ప్రమాదమూ లేదు, నేను పూచీ.

5. ఇక తప్పదు.

పాత రేడియోల్లో కొన్నిటికి లోపలి ఇనప చట్రానికే నేరుగా కరెంటు తగిలి ఉంటుంది. వాటి రెండు పుల్లల ప్లగ్గు ఒకవైపు పెడితే గొర్రె, తిప్పి పెడితే పులి. చూడ్డానికి రెండూ ఒకటే. అలాంటిది చేతికి రాగానే ప్లగ్గుకి జానెడు ఎగువన వైరుకి ముడి వేయాలని అన్నయ్యా నేనూ కట్టడి పెట్టుకున్నాం. వేసినవాడు విప్పితే రెండోవాడికి నోటితో చెప్పాలి. అన్నయ్య కళ్లతో చూసుకునేవాడు కాదు. వైరు మీద వేళ్లు జార్చేవాడు, ముడి తగిలితే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

పన్నెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఒక హోటలాయన అలంకారానికి రేడియో కావాలని వచ్చాడు. గోధుమ రంగు రేడియో నచ్చింది గాని, వైరు ఇలా వికారంగా ఉందేమిటని మొహం చిట్లించాడు. బేరం చెడుతుందని ముడి విప్పేశాను, ప్లగ్గు మాత్రం గోడకే ఉంది. అన్నయ్య కొట్టు వెనక ఉన్నాడు, వచ్చాక చెబుదాం అనుకున్నాను. హోటలాయనతో గుమ్మం దగ్గర కబుర్లలో పడ్డాను. అన్నయ్య బల్ల దగ్గరికి రావడం చూశాను. వైరు మీద వేళ్లు జార్చాడు. తొందరపడలేదు, ప్లగ్గు దాకా జార్చాడు. నేను నోరు తెరిచేలోపు చట్రం మీద చెయ్యి వేశాడు.

హోటలాయన డాక్టరు కోసం పరుగెత్తాడు. నేను ప్లగ్గు పీకాను, అన్నయ్యని పడుకోబెట్టాను, పిలిచాను, గుండె మీద గుద్దాను. పలకలేదు. డాక్టరు వచ్చేలోపు ఆ వైరుకి మళ్లీ ముడి వేశాను.

వచ్చినవాళ్లందరితో, ముడి ఉండగానే చూసుకోకుండా ముట్టుకున్నాడని చెప్పాను. చచ్చినవాడు ఎదురు చెప్పడు కదా. అజాగ్రత్త మనిషి పెళ్లాంబిడ్డల్ని రోడ్డున పడేశాడని చుట్టాలు మా వదిన ఎదుటే అన్నారు. ఆమె నన్ను ఒక్కటే అడిగేది:

“ముడి ఉండగా ఎలా ముట్టుకున్నాడయ్యా? చేతికి తగల్లేదా?”

ధ్యాస ఎక్కడుందో వదినా, అనేవాణ్ని. అన్నయ్య కూతురికి పని నేర్పుతూ, మీ నాన్నలా పరధ్యానంగా ఉండకమ్మా అని కూడా అన్నాను. ఆ నాలుక ఇంకా నా నోట్లోనే ఉంది.

అప్పటినుంచి కనబడిన ప్రతి వైరుకీ ముడి వేస్తూ వచ్చాను. ఏ ప్రమాదమూ లేని వాటికి వేశాను, టేబుల్ ఫ్యానుకి వేశాను. దాంతో ముడికి విలువ పోయింది.

6. ఆ గోధుమ రంగు రేడియో మా వదిన ఇంట్లో, వంటగదిలో, నీళ్ల కుళాయి పక్కన అరలో ఉంది. జ్ఞాపకంగా ఉంటుందని అడిగి తీసుకెళ్లింది. ఆ ముడి ఆయన చేతిదని ఆమె నమ్మకం. అర తుడిచినప్పుడల్లా దాన్ని ఒకసారి వేళ్లతో తడుముతుంది. నేను ఎదురుగా కూర్చుని టీ తాగుతూ ఉంటాను.

అది ఇన్నేళ్లూ ప్లగ్గు ఎక్కకుండా మూగగా ఉంది గనక ఊపిరి పీల్చుకుంటున్నాను. వచ్చే ఆదివారానికి ఆయన పోయి పన్నెండేళ్లు. ఆ రోజుకి దాన్ని పాడించి వాళ్లమ్మకి వినిపిస్తానని అమ్మాయి పట్టుబట్టింది. ఒక వాల్వు తక్కువైందని అడిగితే లేదన్నాను. నా సొరుగులోనే ఉంది. నాలుగు రోజుల్లో పాత సామాన్ల బజారంతా జల్లెడ పట్టి తనే తెచ్చుకుంది. వేటలో తండ్రిని మించింది. నిన్న కొట్టుకొచ్చి సంబరంగా చెప్పింది:

“పాత వైరు చివికిపోయింది బాబాయ్. ముడితో సహా కోసి అమ్మకి దాచుకోమని ఇచ్చేస్తా. కొత్త వైరు వేస్తా.”

ముడి తీయొద్దు, అది పులి, అన్నాను. “నీకు ఫ్యాను కూడా పులే కదా” అని నవ్వి వెళ్లిపోయింది. తప్పు ఆమెది కాదు. ఆ నవ్వు నేను నేర్పిందే.

కొత్త వైరుకి ముడి ఉండదు. వదిన తడిగుడ్డతో అర తుడుస్తుంది, అలవాటుగా వైరు తడుముతుంది, ఏమీ తగలదు. వెనక అట్ట ఎప్పుడో పోయింది, చట్రం బయటికే ఉంది. రేడియో ప్రమాదమని ఎన్నిసార్లు చెప్పినా నా చాదస్తం కిందే పోతుంది. ఆయన వేళ్లు జార్చి చూశాకే చెయ్యి వేశాడని చెబితేనే నమ్ముతారు. కాబట్టి వీలునామా రాసినవాడు పోయాకే చదవాలన్న ఆచారం దీనికి వర్తించదు. ప్లీడరుగారు దీన్ని ఈ రోజే మా వదిన ఇంటికి తీసుకెళ్లి, తల్లీకూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి వినిపించాలి. నేను వెనకే వస్తాను, గుమ్మం బయట నిలబడతాను. లోపలికి రమ్మంటేనే వస్తాను.

7. మా వదినకి నేను ఏమీ రాయడం లేదు. సాక్షి సంతకం చేసినవారికి రాసింది చెల్లదని ప్లీడరుగారు చెప్పారు. నాకు రెండో సాక్షిగా ఆమె కావాలి. వేరే ఎవరినైనా పిలుద్దామన్నారు, ఒప్పుకోలేదు. ఆమె సంతకం చేయకపోతే ఇది చిత్తుకాగితం. కొట్టంతా నా కొడుక్కి పోతుంది, తూకానికి పోతుంది. అమ్మాయికి అన్యాయం జరుగుతుందని నాకు తెలుసు. అయినా మా అన్నయ్య సగాన్ని ఆమె చెయ్యి దాటించి పంచే హక్కు నాకు లేదు. చదివాక ఈ కాగితాన్ని పొయ్యిలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆ రేడియో మాత్రం ప్లగ్గుకి పెట్టొద్దు.

ముడి వేసింది నేను వదినా. ఆయనకి తగల్లేదు. లేదు గనకే తగల్లేదు.

పదకొండో తేదీ, బుధవారం, ఉదయం పది గంటలకు, కొట్టు బల్ల మీద రాసి సంతకం చేయడమైనది.

(సంతకం) చిన్న రేడియో

సాక్షులు:

1. ఎదురు కొట్టులో తాళాలు బాగుచేసే ఆయన (సంతకం చేశారు, లోపలిది చదవలేదు)

2. ...................................... (మా వదిన, ఐదో అంశం చదివిన తర్వాతే)