పెద్దది నడవలేదు

అక్టోబరు 7

ఐదు రోజుల ముసురు. కుందూ ఏటి వంతెన కింద రెండడుగుల సందు మాత్రం మిగిలిందని పాలాయన చెప్పాడు. శనగ విత్తిన వాళ్లంతా తలలు పట్టుకున్నారు. నాకు పొలం లేదు. మా ఇంట్లో పట్టుకునేది మోకాళ్లే, అవీ మా ఆవిడ వసంతవి.

కండక్టర్‌గా రిటైరయ్యాక డైరీలో రాయడానికి వానలూ కుక్కలే మిగిలాయి. పెద్దదానికి పన్నెండేళ్లు, నడుము పడిపోయింది. చిన్నదానికి రెండేళ్లు. వాటికి వేరే పేర్లు లేవు. డిపో గేటు దగ్గర దొరికిన పిల్లను సంచిలో వేసుకొని తెస్తే, ఉంటుందో పోతుందో, పేరెందుకు అంది వసంత. అది ఉండిపోయింది. పదేళ్లకు ఇంకొకటి వచ్చాక ఇది పెద్దదయింది. పిల్లల్లేని ఇల్లు కదా, ఆ పిలుపే నోటికి అలవాటైంది. వీధిలో నవ్వేవాళ్లు నవ్వి నవ్వి మానేశారు.

అక్టోబరు 8

గ్రామ సచివాలయంలో కొత్తగా చేరిన ప్రశాంతి అనే అమ్మాయి ఉదయం 11.10కి ఫోన్ చేసింది. నేను మిద్దె మీద తవుడు మూటకు ప్లాస్టిక్ పట్ట కప్పుతున్నాను. వసంత ఎత్తింది. పైన డ్యాం నుంచి నీళ్లు వదిలితే ఖాళీ చేయించాల్సిన ఇళ్ల లిస్టు రాస్తోందట. ఇంట్లో ఎంతమంది అంటే నలుగురం అందట మా ఆవిడ. పెద్దది నడవలేదు తల్లీ, ఎత్తుకోవాల, చిన్నదానికి నీళ్లంటే శానా భయం, పట్టుకోకుంటే దుంకుతాది అని కూడా చెప్పిందట. వయసులు అడిగితే పన్నెండు, రెండు అందట. అయ్యో, దిగులు పడొద్దమ్మా, ఎత్తుకోవడానికి మనిషిని పంపిస్తాం అందట ఆ పిల్ల.

బంగారం లాంటి పిల్ల అని వసంత పొద్దంతా అంటూనే ఉంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో మనిషిని పట్టించుకోని ఆఫీసులను చూశాను గానీ, కుక్కను ఎత్తుకోవడానికి మనిషిని పంపే ఆఫీసును ఇప్పుడే వింటున్నాను. కాలం మారిందేమో అనుకున్నాను. తిరిగి ఫోన్ చేసి అడిగే ఓపిక లేదు.

అక్టోబరు 9

సంచి సర్దాను. రెండు గొలుసులు, పాత దుప్పటి, ఆధార్ కార్డులు, వసంత మాత్రలు, పశువుల డాక్టరు ఇచ్చిన సూదుల చీటీ, నాలుగు సంగటి ముద్దలు. సంగటి రేపటికి పులుస్తుంది, మళ్లీ చేయాలి. తప్పిపోతే చూపడానికి రెండింటికీ ఫోన్లో ఫొటోలు తీశాను. పెద్దది కెమెరా వైపు చూడనే చూడదు.

సాయంత్రం ఫరూఖ్ ట్రాక్టర్ దగ్గర రిహార్సల్. ఫరూఖ్‌ది ఊరి మధ్య పారే వంక అవతల మసీదు వీధి. కువైట్‌లో ఎనిమిదేళ్లు చేసి వచ్చి ట్రాక్టర్ కొన్నాడు. చిన్నప్పుడు నా బస్సులోనే ప్రొద్దుటూరు బడికి పోయేవాడు, అప్పటినుంచీ నేను మామనే. ట్రాలీ ఖాళీనే మామా, యాడికంటే ఆడికి దింపుతా, నువ్వు ఆలోచన పెట్టుకోవాకు అన్నాడు. చిన్నదాన్ని నాలుగుసార్లు ఎక్కించాం, నాలుగుసార్లూ దూకింది. ఫరూఖ్ వాళ్లమ్మ అఖ్తర్ బీ గుమ్మంలో కూర్చొని ఆయాసంలోనే నవ్వింది. ఆమె కుక్కను ముట్టదు గానీ ఉపాయం చెప్పింది. బెల్లం ముక్క చూపించప్పా, అదే ఎక్కుతాది అంది. ఎక్కింది.

అక్టోబరు 10

పెద్దదాన్నైనా ముందే జమ్మలమడుగులో స్నేహితుడి ఇంట్లో వదిలేద్దామని బస్సు ఆపాను. కుర్ర కండక్టర్. మీకు తెలియని రూల్సా సార్ అన్నాడు. తెలుసు. ఒకప్పుడు తొండూరు రూట్లో ఒకాయనను కుక్కపిల్లతో సహా మిట్టమధ్యాహ్నం దింపేశాను. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. పెద్దదాన్ని భుజాన వేసుకొని వానలో వెనక్కి వచ్చాను.

అక్టోబరు 11

ఇంట్లో పొడి చాప ఒక్కటీ లేదు.

అక్టోబరు 12, ఉదయం 11.30, పెద్దముడియం, బడి

ఈ బడిలోనే శిబిరం పెట్టారు, బెంచీ మీద కూర్చొని రాస్తున్నాను.

ఆరింటికి మైకు వచ్చింది. పైనుంచి నీళ్లు వదిలారు, ఉన్నవాళ్లు ఉన్నట్టు బయల్దేరమన్నారు. ఫరూఖ్ ముందు వాళ్ల వీధి పిల్లలను, ఒక బాలింతను ట్రాలీలో తీసుకుపోయాడు. పావుగంటలో వస్తా మామా, అందరూ తయారుగా ఉండండి అని ఫోన్ చేశాడు. ఆ పావుగంటలోనే వంక రోడ్డెక్కింది. ట్రాక్టర్ అవతలే ఆగిపోయింది.

ఎనిమిదికి పడవ మా వీధికి వచ్చింది. ఇంట్లో అప్పటికే మోకాలి లోతు. ఎత్తుకోవాల్సింది ఈమేనా అని వసంతను చూపి అడిగారు. అవునన్నాను. కుక్కలు ఈ ట్రిప్పులో కుదరవు పెద్దాయనా, మనుషులయ్యాక చూస్తాం అన్నారు. పడవలో చోటు లేని మాట నిజమే. పెద్దదాన్ని మోసుకెళ్లి మిద్దె మీద మెట్ల గదిలో పెట్టాను. చిన్నది వెనకే వచ్చింది. గొలుసులు తీసేశాను. సంగటి పెట్టాను. తలుపుకు గడియ పెట్టలేదు. పెద్దది సంగటి ముట్టకుండా నన్నే చూసింది. ఏడ్చాను. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గేముంది.

9.40కి ప్రశాంతి లిస్టు పట్టుకొని హాజరు పిలిచింది. ఆమెను చూడడం ఇదే మొదలు. ఇరవై మూడేళ్లుంటాయేమో, ఒక చెప్పు తెగిపోయి చేతిలో పట్టుకుంది. నారాయణ, వసంతమ్మ, పెద్దమ్మాయి పన్నెండేళ్లు నడవలేదు, చిన్నమ్మాయి రెండేళ్లు అని చదివింది. చదివి తలెత్తి, పిల్లలేరీ సార్ అంది.

అప్పుడర్థమైంది నాకు. ఒక్క క్షణం పట్టింది, అంతే. మిద్దె మీద ఉన్నాయమ్మా అంటే చాలు, అక్కడికక్కడ తేలిపోయేది. ఉన్నాయి అనలేదు. ఉన్నారు అని అబద్ధమూ ఆడలేదు. పెద్దది మిద్దె మీద ఉంది, చిన్నది కూడా అక్కడే ఉంది అన్నాను. మన భాషలో కూతురైనా ఉంది, కుక్కయినా ఉంది. తెలిసే అన్నాను.

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. ఇంకో పడవ వాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది విని, ఆ పెద్దామెను తర్వాత తేండి సార్, ముందు ఈ ఇద్దరు పిల్లల్ని అంది. ఏ పెద్దామె అని నేను అడగలేదు. వసంత నా చెయ్యి పట్టుకుంది. తనూ అడగలేదు.

10.25కి ఇక కూర్చోలేకపోయాను. ప్రశాంతి దగ్గరికెళ్లి, అవి కుక్కలమ్మా అన్నాను. నాకు మతి చలించిందనుకుంది. మూడోసారి చెప్పాక ఫోన్ చేసింది. పడవ అప్పటికే మా మిద్దె దగ్గర ఉందట.

మధ్యాహ్నం 12.15

వచ్చాయి. పెద్దదాన్ని పడవ మనిషి ఒళ్లో పెట్టుకొని వచ్చాడు. ఎట్లాగూ పోయినాము కదా, వదిలేసి వస్తామా అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. బడి బడంతా నవ్వింది. నారాయణ కూతుళ్లొచ్చినారు, బువ్వ పెట్టండి అన్నారు. వసంత రెండింటినీ పట్టుకొని ఏడుస్తుంటే ఆ నవ్వు కూడా ఆగింది. ప్రశాంతి నా దగ్గరికి వచ్చి, అడగడంలో నాదే పొరపాటు సార్ అంది. నేను కాదనలేదు.

సాయంత్రం 4.30

ఆ పెద్దామె అఖ్తర్ బీ.

పిల్లలను దింపి, రెండో ట్రిప్పుకని ఇంట్లో ఉంచిన అమ్మ కోసం తిరిగి పోయిన ఫరూఖ్ నీళ్ల అంచున పడవ వాళ్లను బతిమాలుకున్నాడట. సరేనంటే ఎక్కి కూర్చున్నాడు కూడా. అప్పుడే ప్రశాంతి ఫోన్. ఎవరి పిల్లలో వాళ్లూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. ఇద్దరు ఆడపిల్లలు మిద్దె మీద ఉండారంట, ఒకటి నడవలేదంట అనేసరికి, అయితే నేనెందుకు, వాళ్లకు చోటు కావాల కదా, ముందు పిల్లోళ్లను తేండి అని తనే దిగిపోయాడట. మా వీధికి పోయి రావడానికి రెండు గంటల పైనే. డీజిల్ పోసుకొని మళ్లీ మసీదు వీధికి చేరేసరికి ఒంటిగంట. ఆమె అంతసేపూ మిద్దె మీద ప్లాస్టిక్ పట్ట కింద ఒక్కతే వానలో ఉంది. తెచ్చేటప్పటికి ఊపిరి అందడం లేదు. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు.

అక్టోబరు 14

ఇంటికొచ్చాం. మూరెడు బురద. ఎత్తిపోసి ఎత్తిపోసి నడుం విరిగింది. కుక్కలు రెండూ అరుగు మీద హాయిగా పడుకున్నాయి. వాటిని చూస్తే సంతోషమే. ఆ సంతోషం మీదే కోపం వస్తోంది.

ఫరూఖ్ ఆసుపత్రినుంచి ఫోన్ చేశాడు. ఎవరో కథంతా చెప్పారట. నీ కూతుర్లు శానా గొప్పోళ్లు మామా, వాళ్ల కోసం పడవే దిగినా అని నవ్వాడు. ఆ పిల్ల తప్పు రాసుకుంటే నువ్వేం చేస్తావులే అన్నాడు. అమ్మకు ఆక్సిజన్ ఇంకా తీయలేదన్నాడు.

9.40కే చెప్పి ఉంటే పది దాటీ దాటకముందే పడవ మసీదు వీధిలో ఉండేది. మనకు తెలియదు కదా ఎవరని అంటోంది వసంత. తెలియదు. తెలియకుండా నేనే చూసుకున్నాను.

అక్టోబరు 17

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ప్రశాంతికి పైనుంచి మెమో వచ్చిందట.

అక్టోబరు 18, ఉదయం 10

సచివాలయానికి పోయి, తప్పు ఆ అమ్మాయిది కాదని, తెలిసీ నలభై ఐదు నిమిషాలు దాచింది నేనని కాగితం రాసిచ్చాను. ప్రశాంతి చదివింది. రెండోసారి చదవలేదు. కూర్చోమని అనలేదు.

అక్టోబరు 20

అఖ్తర్ బీ ఇంటికొచ్చింది. నాలుగడుగులు వేస్తే మంచం పట్టుకొని నిలబడుతోంది. నన్ను చూసి, పెద్దది బాగుందా అని అడిగింది.

ఫరూఖ్‌ను బయటికి పిలిచి అంతా చెప్పాను. ఉంది అన్న మాటతో సహా. ట్రాలీ తలుపు ఎత్తి గడియ వేశాడు. తర్వాత, మా అమ్మకు మాత్రం చెప్పకండి నారాయణ గారూ అన్నాడు.