గోదాము ముద్ర పడిన పిలుపు

తాకేటా,
గురువారం.

కోడలు పిల్లా డోరతీ,

ఫోనులో చెబితే మధ్యలో పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు. ఆ మోకాలితో ఎలాగూ నిలబడలేవు.

పదిహేను మంది ఆడే రగ్బీలో దేశం తరఫున ఆడావు, పదమూడు మంది ఆడే రగ్బీలోనూ ఆడావు. రెండింటికీ తేడా ఇద్దరు మనుషులని తప్ప నాకింకేమీ తెలియదు. ఇప్పుడు ఆట మానేశావని ఆదివారం చర్చిలో నీకు టీ పార్టీ. బాగానే ఉంది. కానీ నిన్ను పదమూడు మంది జట్టుకి పిలిచిన ఉత్తరం ఫ్రేము కట్టి గోడకి తగిలిస్తారని, రాసినవాళ్ళెవరో తెలియకపోయినా నువ్వు వాళ్ళకి అందరి ముందూ కృతజ్ఞతలు చెబుతావని పాస్టరుగారు నిన్న అన్నారు. అప్పటినుంచి నాకు అన్నం దిగడం లేదు. కూర బాగోలేదేమో అనుకుంటోంది మీ సిల్వియా అత్త. అదీ నిజమే.

ఆ ఉత్తరం జట్టు పంపింది కాదు, దొంగది. రాయించింది నేను. తొమ్మిదేళ్ళ క్రితం పదిహేను మంది జట్టు నిన్ను తీసేసింది. మూడు నెలలు మీ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నావు. నిన్ను లేపడానికే రాశానని చెప్పుకోవచ్చు. అబద్ధం. టీ దుకాణంలో అందరికీ నేను ‘డోరతీ మావ’నే, నా పేరు ఒక్కడికీ గుర్తు లేదు. నువ్వా కాగితం పట్టుకెళ్ళి మైదానం గేటు దగ్గర వెర్రిమొహం వేస్తే, ఆ ముచ్చట అక్కడ నేను చెప్పాలనుకున్నాను. జిరాక్సు కొట్లో టైపు చేయించి, సేక్కాన్ రేవులో మా గోదాము ముద్ర కొట్టి, బొటనవేలితో అలికాను. జట్టేమో నిన్ను తీసుకుంది. నా ముచ్చట పోయింది.

ఆ ముద్ర మీద ‘సరుకు అందినది’ అని ఉంది. మన చర్చిలో సగం మంది రేవు మనుషులు, అలికినా పోల్చేస్తారు. నవ్వులపాలయ్యేది నువ్వు. ఫ్రేము వద్దని చెప్పు.

మీ అమ్మ తమ్ముడు,
నాథన్

*

సంచౌంగ్,
శుక్రవారం.

నాథన్ మావకి,

ఆ రోజు జట్టు నన్ను తీసుకోలేదు. గేటు దగ్గర ఆ కాగితం చేతులు మారింది, ఇరవై మంది నవ్వారు. ముద్ర చదివి వినిపించింది కోచ్. ఆ సాయంత్రం నువ్వు మా ఇంటికొచ్చి, “ఏటన్నారే? ఏటన్నారే?” అని నాలుగుసార్లు అడిగావు. నా ఆట గురించి అంతకుముందు నువ్వెప్పుడూ ఏమీ అడగలేదు. అప్పుడే అర్థమైంది.

“రేపు కూడా రమ్మన్నారు మావా” అన్నాను, నీ మొహం ఎలా మారుతుందో చూడాలని.

ఆ అబద్ధం ఆడాక వెళ్ళక తప్పలేదు. పదకొండు రోజులు గీత బయట బంతులు ఏరాను. పన్నెండో రోజు ఎవరికో చీలమండ బెణికితే నన్ను దింపారు. కిందపడగానే పాత ఆట అలవాటున బంతి వదిలేశాను, అవతలివాళ్ళు ఎత్తుకుపోయారు. ఈ ఆటలో పడినా వదలకూడదట, పట్టుకునే లేచి కాలితో వెనక్కి తొయ్యాలట. కోచ్ బాగా తిట్టింది. మర్నాడు ఇంకాస్త ముందు రమ్మంది.

ఫ్రేము కట్టించమన్నది నేనే. ముద్ర ఎవరికైనా కనబడకపోతే చదివి వినిపిస్తాను. నువ్వు పంపింది ఒక్కరోజుకే, తర్వాత రోజులన్నీ నేనే వెళ్ళానని కూడా చెబుతాను. గేటు దగ్గర ఆ నవ్వు అప్పుడు నేనొక్కదాన్నే విన్నాను. ఆదివారం ముందు వరసలో నా పక్కన కూర్చో, ఈసారి నవ్వు ఇద్దరం విందాం.

నీ మేనకోడలు,
డోరతీ