చంద్రగిరి కోట గుమ్మం దాకా

నాయనా, దణ్ణాలు. నేను బాగున్నాను, నా గదే ఏమీ బాగా లేదు. కుప్పం నుంచి కొండకు బయలుదేరే ప్రతివాళ్లకూ నువ్వు నా అడ్రసు రాసిస్తుంటే, తిరుపతిలో నాకు దొరికింది ఉద్యోగమో, సత్రం కాపలానో తెలియడం లేదు.

ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ చంద్రగిరి కోట చూడాలని నా ఆశ. మొన్న ఆదివారం ఎలాగో బస్సెక్కి రాజమహల్ గుమ్మం దాకా వెళ్లానో లేదో, వెనక నుంచి కేక. చూస్తే మన వీధి మునెయ్య మామ, భార్యాబిడ్డలతో, పరుపుచుట్టతో సహా! నేను అక్కడికి వెళ్లానని ఇంటి ఓనరమ్మ చెప్పిందట.

"ఈ పాడుబడిన గోడల్లో ఏం సూస్తావప్పా? దేవుడు ఆడ మనకోసరం కాసుకోనుండాడు, పద కొండకి" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. లోపల అడుగు కూడా పెట్టలేదు.

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? చెల్లెలికి నా దీవెనలు, దాని పరీక్ష ఫలితాలు వచ్చాయా? వచ్చేవాళ్ల చేత ఊరగాయ పంపొద్దని అమ్మకు చెప్పు. సగం జాడీ దారిలోనే ఖాళీ అవుతోంది, మిగతా సగం నా గదిలో కూర్చుని వాళ్లే తింటున్నారు.

ఇకమీదట నా అడ్రసు ఎవరికీ ఇవ్వకు. అది పట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని నువ్వే రా. ఊరంతా వచ్చిపోయింది, మీరిద్దరు తప్ప.

నీ కొడుకు,
దొరస్వామి