దారంతో తీసిన కొలత

నారాయణఖేడ్

సంగమేశ్ బావా,

కొరియాలో చూసోక్ పండుగ సెలవులకు ఇంటికొస్తూ ఎవరికేం తేవాలో రాయమన్నావు. అత్త మోకాళ్లకు అంటించుకునే పట్టీలు అడిగింది. "వాని సామాన్ నాకేం అక్కెర్లేదు" అన్నాడు మా నాన్న. నన్ను కాదన్నావని ఆయనకింకా కోపం.

నువ్వు చేసుకోబోయే నాగవేణికి ఉంగరం కొలత కూడా నన్నే తీసుకోమన్నావు. నాగల్‌గిద్ద వెళ్లి ఆమె వేలికి దారం చుట్టి ముడేశాను. "సంగమేశ్‌కు నువ్వు ఏమైతవ్ అక్కా?" అని అడిగింది. మేనమామ బిడ్డనన్నాను.

తిరిగొస్తూ బస్సులో ఆ దారం నా వేలికి తొడిగి చూసుకున్నాను. తీస్తుంటే ముడి ఊడిపోయింది. మళ్లీ ఆమె దగ్గరికి వెళ్లే మొహం లేక, నా వేలికే చుట్టి ముడేశాను. ఈ ఉత్తరంలో పెట్టింది ఆ దారమే. ఉంగరం ఆమెకు వదులైతే నన్ను తిట్టకు బావా.

నాకేం తేవాలో నువ్వు అడగలేదు. ఏమీ తేవద్దు.